తాళం వేసిన ఇంట్లో అనసూయ గొంతు

ఆ పొద్దున కిషన్ రావు ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య అనసూయ రైలెక్కి డోర్నకల్ పోవాలి. కిషన్ రావు ఇంట్లో కూర్చుని నల్లా నీళ్లు పట్టాలి. అంతే. ఇంత పనికి ఒక కంప్యూటరు, ఒక సౌండ్ బాక్సు, చదువుకున్న ఒక కోడలు కావలసి వచ్చాయంటే తప్పెవరిదో చివరికి మీరే తేల్చండి. నాకైతే అందరి మీదా అనుమానమే.

గిర్మాజీపేటలోని ఆ గల్లీలో నల్లా రోజు తప్పించి రోజు వస్తుంది. ఏ వేళకు వస్తుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. తెలిసేది ఒక్క అనసూయకే. నీళ్లకంటే ముందు గొట్టంలోంచి గాలి "బుస్స్" మంటుంది చూడండి, ఆ చప్పుడు ఆమె వంటింట్లో పోపు వేస్తున్నా వినేస్తుంది. కొంగు బిగించి వాకిట్లోకి వచ్చి "నల్లొచ్చిందీ!" అని ఒక్క కేక పెడుతుంది. ఆ కేకకు గల్లీ మొత్తం లేస్తుంది. లేచి మొట్టమొదట చేసే పని ఏమిటంటే, డ్రమ్ముల్లో మిగిలిన పాత నీళ్లు మోరీలో కుమ్మరించి, డ్రమ్ములు కడిగి పెట్టుకోవడం. కొత్త నీళ్లు వస్తుంటే పాత నీళ్లు ఇంట్లో ఉంచుకోవడం ఆ గల్లీ ఆడవాళ్లకు నామోషీ. అనసూయ కేక ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు కాబట్టి, ఎవరూ తమ నల్లా వైపు చూడనైనా చూడకుండానే కుమ్మరిస్తారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో పని ఉంది.

ఈ మంచిపేరు వల్ల అనసూయకు ఒరిగింది మాత్రం ఏమీ లేదు. నల్లా రోజున ఆమె గడప దాటలేదు. మొగుడున్నాడు కదా అంటారేమో. ఉన్నాడు. స్టేషన్ రోడ్డులోని స్టీలు సామాన్ల దుకాణం కొడుకు శశాంక్‌కు అప్పజెప్పి ఇంట్లోనే ఉంటున్నాడు. ఒకసారి నల్లా పట్టాడు కూడా. పేపరు చదువుతూ పట్టాడు. ఆ రోజు నీళ్లు వాకిట్లోకి, గల్లీలోకి, పక్కింటి రామలింగం గారి చెప్పుల దాకా పోయాయి గాని డ్రమ్ములోకి మాత్రం పోలేదు.

డోర్నకల్‌లో అనసూయ చెల్లెలు సుకన్య ఉంది. ఆమె గృహప్రవేశానికి అనసూయ పోలేదు, నల్లా రోజు. పిల్లవాడి పుట్టువెంట్రుకలకు పోలేదు, అదీ నల్లా రోజే. ఇప్పుడు సుకన్య సొంతంగా పిండి గిర్ని పెడుతోంది. ముహూర్తం చూస్తే మళ్లీ నల్లా రోజే పడింది. సుకన్య ఫోన్లో ఒకటే మాట చెప్పింది.

"అక్కా, నువ్వొచ్చి స్విచ్ వేస్తేనే నా గిర్ని తిరుగుతది. ఈసారి గూడ రాకపోతె నాకు అక్క లేదనుకుంట. నీకు నేను గావాల్నో నల్లా గావాల్నో తేల్చుకో."

ఫోను పెట్టేసి అనసూయ బియ్యం చాటను ముందేసుకుని కూర్చుంది. రాళ్లు ఏరుతున్నట్టే ఉంది గాని కళ్లనిండా నీళ్లు. అది చూసి కిషన్ రావుకు నిజంగానే పాపమనిపించింది. "నువ్వు పో. నల్లా సంగతి నేను జూస్కుంట, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆయన మంచితనాన్ని నేను కాదనను. కాని డాక్టరు నూనె వస్తువులు మాన్పించి చాలాకాలమైందనీ, పోచమ్మ మైదాన్ దగ్గర మిర్చి బజ్జీల బండి ఒకటి ఉందనీ, అనసూయ ఊళ్లో ఉండగా అటు తలతిప్పి చూసే ధైర్యం ఆయనకు లేదనీ కూడా చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది.

అనసూయ కళ్లు తుడుచుకుని మొగుణ్ని ఎగాదిగా చూసింది. "నన్ను పంపుడు మీద మీకింత హుషారేంది?" అంది.

ఉపాయం చెప్పింది కోడలు లావణ్య. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. ఎప్పుడో సరదాకు కొని సొరుగులో పడేసిన ఒక వస్తువు తెచ్చి మామగారి చేతిలో పెట్టింది. అరచేతిలో పట్టేంత పచ్చటి పలక, దాని మీద ఏవో నల్ల చుక్కలు, తెల్ల గీతలు.

"ఇది గూడ కంప్యూటరే మామయ్యా. తక్కువకే దొరుకుతది."

"తెరేది?"

"మన టీవీయే తెర."

"బటనేది, ఆన్ చేసేది?"

"ఉండది. వైరు పెడితె అదే ఆన్ అయితది."

కిషన్ రావు దాన్ని తిప్పి, బోర్లించి, వాసన చూశాడు. "బిడ్డా, నలభై ఏండ్లు దుకాణం నడిపిన. బటన్ లేని మిషిన్ నేను ఎన్నడు చూడలే. అమ్మినోడు సగం సామాను ఉంచుకొని నిన్ను ముంచిండు."

ముంచలేదని నమ్మించడానికి లావణ్యకు ఒక ఆదివారం పట్టింది. గోరంత కార్డు మీద సిస్టం ఎక్కించి, ఆ కార్డును పలక కింద దూర్చి, కీబోర్డు పెట్టి, టీవీకి వైరు కలిపి "ఇగ మీరు రోజు కొంచెం నేర్చుకోండ్రి" అని ఆఫీసు పనిలో పడింది. మామగారు నేర్చుకోవడం మొదలుపెట్టారు. అనుమానించడమూ మొదలుపెట్టారు. రెండూ కలిసే నడిచాయి.

మొదట ఇంట్లో ఉన్న పాత ఫోను ఛార్జరు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. పచ్చ దీపం మిణుకుమంది. టీవీ మీద తెల్ల అక్షరాలు పరుగెత్తాయి. అంతలో తెర మూలన పసుపుపచ్చటి పిడుగు బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది. "అమ్మో!" అని ఆయన ఎగిరి మెయిన్ ఆపేశాడు. సీరియల్ కోసం కాచుకున్న అనసూయ నెత్తి కొట్టుకుంది. అది పిడుగు రాబోతోందని చెప్పే బొమ్మ కాదనీ, కరెంటు చాలడం లేదని చెప్పే బొమ్మ అనీ, దాని ఛార్జరే దానికి పెట్టాలనీ సాయంత్రం లావణ్య వచ్చి చెప్పేదాకా ఆయన టీవీ దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు.

తర్వాత పాస్‌వర్డ్ గొడవ. ఆఫీసులో ఉన్న కోడలికి ఫోన్ చేశాడు.

"నేను కొడుతాన్న, ఇది దాస్తాంది. ఒక్క అక్షరం చూపెడ్తలేదు. నా పాస్‌వర్డ్ ఎవలకు పంపుతాంది బిడ్డా?"

"ఎవ్వలకు పంపది మామయ్యా. పక్కోళ్లు చూస్తరని అట్ల కనపడనియ్యది. మీరు కొట్టి ఎంటర్ నొక్కుండ్రి."

"అంటే దానికి మనుషుల మీద నమ్మకం లేదన్నట్టు."

ఆ సంగతి తెలిశాక ఆయనకు ఆ పలక మీద మొదటిసారి గౌరవం కలిగింది. దుకాణంలోంచి మంచి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి, మూతకు బెజ్జాలు పొడిపించి దాన్ని అందులో కాపురం పెట్టాడు. దాంతో వైఫై పోయింది. ఇనుప డబ్బాలో పెడితే సిగ్నల్ ఎట్లా అందుతుందని లావణ్య నవ్వితే, తన స్టీలును ఒకరు తప్పుపట్టడం ఇదే మొదటిసారి కాబట్టి ఆయన రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు దాన్ని ప్లాస్టిక్ సబ్బుపెట్టెలోకి మార్చాడు.

ఏర్పాటు ఇదీ. గేటు పక్కన గుంతలో నల్లా ఉంది. దాని కింద చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు వైర్ల కొసలు. నల్లాలోంచి నీళ్లు పడి ఆ కొసలు తడిస్తే పలకకు తెలుస్తుంది. వెంటనే కిషన్ రావు ఫోనుకూ అనసూయ ఫోనుకూ మెసేజ్ పోతుంది. ఇంట్లో సౌండ్ బాక్సు మోగుతుంది. కొసలు తడిగా ఉన్నంతసేపూ ఆగి ఆగి మోగుతూనే ఉంటుంది. సౌండ్ బాక్సు బతుకమ్మ పండుగకని వాడకట్టువాళ్లు చందాలేసి మైకుతో సహా కొన్నది. చోటు ఉందని కిషన్ రావు ఇంట్లో పెట్టారు.

"ఏం చప్పుడు పెట్టమంటరు మామయ్యా? గంటనా, పాటనా?" అని అడిగింది లావణ్య.

కిషన్ రావు ఆలోచించాడు. గంటలకు ఆయన లేవడు, గుడి పక్కనే పుట్టి పెరిగాడు. పాట వస్తే చెత్తబండి అనుకుంటాడు. ఇన్నేళ్ల సంసారంలో ఏ చప్పుడు వింటే తన కాళ్లు వాటంతటవే లేస్తాయో ఆయనకు బాగా తెలుసు. మరుసటి నల్లా రోజున ఫోను జేబులోంచి సగం బయటికి తీసి, అనసూయ వెనకాలే తిరిగి, ఆమె కేకను మొదటినుంచి చివరిదాకా రికార్డు చేశాడు. అందులో ఏముందంటే:

"నల్లొచ్చిందీ! ఓ సమ్మమ్మక్కా, నల్లొచ్చిందీ! అయ్యో, ఎవలన్న రాండ్రి! ఒక్కదాన్నే సస్తాన్న ఈడ, జెల్ది రాండ్రీ!"

చివరి రెండు ముక్కలూ పేపరు చదువుతున్న మొగుణ్ని ఉద్దేశించినవి. ఆ ఇంట్లో రోజు తప్పించి రోజు వినబడేవే. లావణ్య వాటిని కత్తిరిద్దామంటే, "వద్దు బిడ్డా, అవి లేకుంటె నేను లేవ" అన్నాడాయన. అనసూయ గుడికి పోయిన వేళ చూసి, గొంతు తగ్గించి ఒకసారి మోగించి చూసుకున్నారు. ఆమెకు మాత్రం గంట మోగుతుందనే చెప్పారు.

అసలే ఆమెకు మనసు కుదురుగా లేదు. వారం నుంచి మొగుడు ఫోను పట్టుకుని వెంట తిరుగుతున్నాడు. కోడలితో గుసగుసలాడుతున్నాడు. అడగకుండానే రైలు టికెట్ తెచ్చాడు. ప్రయాణం రోజున ఆటో వచ్చి గేటు ముందు ఆగాక కూడా ఆమె మెట్టు మీదే నిలబడింది.

"మిషిన్ ఉన్నా సరే, మీరు ఇంట్లనే ఉండాలె."

"నేనెక్కడికి పోత?"

"ఏమో. మీ మొఖం జూస్తె నమ్మబుద్ధయితలేదు."

అని, ఎండకు కొంగు ముఖం మీదికి లాక్కుని ఆటో ఎక్కింది. రైల్లో ఫోను బయట కనబడితే గుంజుకుపోతారని ఆమె నమ్మకం. అందుకని దాన్ని ఆపేసి, చేతిరుమాల్లో మూటగట్టి, సంచి అడుగున చీరల కింద పెట్టుకుంది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

కొడుకు దుకాణానికి, కోడలు ఆఫీసుకు వెళ్లిపోయారు. కిషన్ రావు పేపరు చదివాడు. నల్లా గుంతలోకి ఓసారి తొంగి చూశాడు. మళ్లీ పేపరు చదివాడు. పొద్దు నెత్తిమీదికి వస్తుండగా, నల్లా వస్తే ఫోనుకు మెసేజ్ రానే వస్తుంది కదా, అట్లా పోయి ఇట్లా రావచ్చుననిపించింది. ఎందుకైనా మంచిదని సౌండ్ బాక్సు గుండీ చివరిదాకా తిప్పి, తలుపుకు తాళం వేసి, స్కూటరెక్కి పోచమ్మ మైదాన్ దారి పట్టాడు. కేక బజ్జీల బండి దాకా వినబడుతుందనుకున్నాడేమో మరి.

ఎదురింట్లో సమ్మమ్మ ఉంటుంది. పెద్దమనిషి. గేటు పక్కన నల్లా గుంతలోకి దిగిన వైర్లు ఆమె కంట్లో వారం నుంచీ పడుతున్నాయి. నల్లాకు చాటుగా మోటారు పెట్టి అందరి నీళ్లూ గుంజుకునేవాళ్లు ఉంటారని ఆమె విన్నది. స్కూటరు మలుపు తిరగడం చూసి, చేతిలో చెంబు పట్టుకుని వచ్చి గుంతలోకి వంగింది.

"గింత సన్న వైర్లతోని నీళ్లు గుంజుతవా కిషన్రావు? కరెంటున్నదో లేదో సూత్త ఉండు" అని దూరంగా నిలబడి చెంబెడు నీళ్లు ఆ డబ్బాలో పోసింది.

ఇంట్లోంచి అనసూయ గొంతు గల్లీ అదిరేలా లేచింది. "నల్లొచ్చిందీ! ఓ సమ్మమ్మక్కా, నల్లొచ్చిందీ!"

సమ్మమ్మ చెంబు అక్కడే వదిలి ఉరికింది. ఎండిపోయిన నల్లాను ఆమె అప్పుడే కళ్లారా చూసింది. ఆ నీళ్లు పోసింది కూడా తనే. అయినా అనసూయ కేక పెట్టాక ఇంకా ఆలోచించడం ఆ గల్లీలో అలవాటు లేదు. ఇంట్లోకి పోయి రెండు డ్రమ్ములు మోరీలోకి వంచేసింది. అటు రెండిళ్ల అవతల సావిత్రి వంచింది. ఇటు రామలింగం గారి భార్య వంచింది. మోరీ ఏరులా పారింది. డ్రమ్ములు కడిగారు, నల్లాలు తిప్పారు, బిందెలు పెట్టారు. నల్లాల్లోంచి గాలి కూడా రాలేదు.

తర్వాత అందరూ కలిసి అనసూయను అడుగుదామని కదిలారు. తలుపుకు బయటినుంచి తాళం వేలాడుతోంది. లోపలినుంచి అనసూయ గొంతు వస్తోంది.

"అయ్యో, ఎవలన్న రాండ్రి! ఒక్కదాన్నే సస్తాన్న ఈడ, జెల్ది రాండ్రీ!"

సావిత్రి చేతిలో బిందె జారి కిందపడింది. "అక్క పొద్దున ఊరికి పోయింది గదా! నేను జూసిన, ఆటో ఎక్కంగ!"

"మొఖం జూసినవా?" అన్నారు రామలింగం గారు. ఆయన కోర్టులో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. కిషన్ రావు మీద చెప్పులు తడిసిన నాటి కోపం ఒకటి ఉండనే ఉంది.

"మొఖం... కొంగు కప్పుకున్నది."

"రాసుకో. మొఖం చూడలే. ఆటోల పోయింది అనసూయమ్మ అని ఎట్ల చెప్తవు?"

దాంతో ఎవరికి తోచింది వారు చెప్పడం మొదలైంది. వారం నుంచి కిషన్ రావు ఇంట్లో మూలకు కూర్చుని వైర్లు కోస్తున్నాడని ఒకరు. పెళ్లాం వెనక ఫోను పట్టుకుని తిరగడం చూశామని ఇంకొకరు. "గాయన మొన్న నన్నే అడిగిండు, మా ఆమె ఊరికిపోతె మీకు ఎవలకన్న ఇబ్బందా అని" అంది సావిత్రి. ఆయన అడిగింది నల్లా కేక గురించే. కాని తాళం ముందు నిలబడి తలుచుకుంటే ఆ మాటకు వేరే రంగు వచ్చింది. అందరికంటే పెద్ద గొంతు సమ్మమ్మది. "నేను ముందే అనుకున్న, గా వైర్లు నల్లా కోసం గాదని! నా చెల్లెను కరెంటు పెట్టి సంపుతాండు! నా పేరు పెట్టి పిలుస్తాంది సూడుండ్రి!" అని రొమ్ము బాదుకుంది. లోపలి గొంతు నిజంగానే మళ్లీ ఆమెను పేరు పెట్టి పిలిచింది.

ఒకరు రోకలి తెచ్చారు. "తాళం మీద చెయ్యెయ్యొద్దు, సాక్ష్యం పోతది" అని రామలింగం గారు అడ్డం నిలబడ్డారు. లోపల మనిషి చస్తుంటే సాక్ష్యమేమిటని ఆడవాళ్లు ఆయన మీద లేచారు. ఈలోగా అనసూయ ఫోనుకు చేస్తే స్విచాఫ్. కిషన్ రావు ఫోనుకు చేస్తే ఎత్తడు. సమ్మమ్మ డోర్నకల్‌కు ఫోను కొట్టించింది.

"సుకన్యా, మీ అక్క వచ్చిందా?"

"ఇంకా రాలే సమ్మమ్మక్కా, రైలు జర లేటట. ఏమైంది?"

"ఏం గాలే బిడ్డా. తలుపు తీసినంక చెప్త" అని సమ్మమ్మ భోరుమంది.

ఇంతకన్నా నిమ్మళంగా చెప్పడం ఆమెకు చేతకాదు. డోర్నకల్‌లో గిర్నికి కట్టిన మామిడాకుల కింద సుకన్య కూలబడిపోయింది.

కిషన్ రావు ఫోను ఎందుకు ఎత్తలేదంటే, మొదటి బజ్జీ నోట్లో ఉండగా మెసేజ్ వచ్చింది. చూసుకుని, మిగతా బజ్జీల పొట్లం స్కూటరు కొక్కేనికి తగిలించి, వచ్చిన దారినే స్కూటరును ఉరికించాడు. గల్లీ మలుపు తిరగగానే తన వాకిట్లో జనం కనిపించారు. చచ్చాం, నీళ్లు పొంగి అందరి ఇళ్లలోకీ పోయినట్టున్నాయి అనుకున్నాడు.

"పట్టుకోండ్రి!" అన్నారు రామలింగం గారు.

"నల్లానా?" అన్నాడు కిషన్ రావు.

"నిన్ను! అనసూయమ్మను ఏం జేసినవు?"

"డోర్నకల్ పంపిన!"

"మరి లోపల ఎవలు?"

లోపలినుంచి అనసూయ మరొక్కసారి, ఒక్కదాన్నే చస్తున్నానని కేకేసింది. కిషన్ రావుకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా చెప్పడానికి నోరు రాలేదు, కొంత భయంతో, కొంత బజ్జీతో. తాళం తీశాడు. జనమంతా బిలబిలమని లోపలికి దూరారు. వంటింట్లో లేదు. పడకగదిలో లేదు. మంచం కింద సమ్మమ్మే స్వయంగా వంగి చూసింది. చివరికి టీవీ బల్ల పక్కన ఒక సౌండ్ బాక్సు, దాని పక్కన వైర్లు మొలిచిన ఒక సబ్బుపెట్టె కనబడ్డాయి. అందరూ దాని చుట్టూ నిలబడ్డారు. అది వాళ్ల ముఖాల మీదే "జెల్ది రాండ్రీ!" అంది.

కిషన్ రావు చేతులు జోడించి మొత్తం కథ చెప్పాడు. గుంతలోకి పోయి డబ్బాలోని నీళ్లు పారబోసి, కొసలు తుడిచి వచ్చాడు. సబ్బుపెట్టె నోరు మూసుకుంది.

"నీళ్లు తగిల్తెనే ఒర్రుతదంటివి. నల్లా రాలే. మరి నీళ్లెక్కడియి?" అన్నారు రామలింగం గారు. ఆ ప్రశ్న మాత్రం బాగుంది.

"గుంతకాడ ఒక చెంబున్నది" అన్నాడు కిషన్ రావు.

చెంబు మీద పేరు కొట్టించి ఉంది. అది ఆయన దుకాణంలోనే కొన్నది, పేరు చెక్కించి ఇచ్చింది కూడా ఆయనే. అందరూ సమ్మమ్మ వైపు తిరిగారు.

"నేను కరెంటున్నదేమోనని జూసిన" అంది సమ్మమ్మ. "నాకేం తెలుసు, అందట్ల అనసూయ ఉన్నదని?"

ఇక చూడండి. గల్లీ మొత్తంలో గొంతు తడుపుకుందామంటే చుక్క నీళ్లు లేవు. సావిత్రి ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడుతోంది. తప్పు సమ్మమ్మదని సగం మంది, కిషన్ రావుదని సగం మంది, సౌండ్ బాక్సుకు చందా ఇచ్చిన తమదేనని రామలింగం గారి భార్య. ఆ చిన్న గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ గోలలో సబ్బుపెట్టె మళ్లీ అరిచింది.

"నల్లొచ్చిందీ! ఓ సమ్మమ్మక్కా..."

"ఇగో, మళ్ల మొదలువెట్టింది!" అన్నారు రామలింగం గారు. "అబద్ధపు సాక్షి! ఒక్కసారి అబద్ధం ఆడినదాన్ని ఏ కోర్టు గూడ నమ్మది."

"తడి సరిగ్గ ఆరనట్టున్నది" అని కిషన్ రావు కూడా సిగ్గుపడి, దాని వైరు పీకేశాడు.

సరిగ్గా ఆ వేళకే డోర్నకల్‌లో అనసూయ సంచి పట్టుకుని గిర్ని ముందు దిగింది. దిగీ దిగగానే సుకన్య వచ్చి మెడకు చుట్టుకుని "అక్కా, బతికే ఉన్నవా!" అని ఏడ్చింది. ముహూర్తం వేళకు స్విచ్ దగ్గర ఎవరూ లేరు. పంతులు గడియారం చూసుకుంటున్నాడు. అనసూయ చీరల కిందినుంచి ఫోను తీసి ఆన్ చేస్తే మెసేజ్‌లు వరసగా పడ్డాయి. నల్లా వచ్చింది. నల్లా వచ్చింది. సావిత్రి నుంచి తప్పిపోయిన కాల్స్. సుకన్య నుంచి తప్పిపోయిన కాల్స్.

"నాకు తెలుసు. గా మనిషిని నమ్మి రావొద్దుండె. నేను ఇప్పుడే వాపస్ పోత" అంది.

సుకన్య ఏడుపు ఆపి అక్క ముఖంలోకి చూసింది. మెడ చుట్టూ ఉన్న చేతులు తీసేసుకుంది. అనసూయకు అది కొట్టినట్టు తగిలింది. ముందు ఇంటికి ఫోను చేసి, తర్వాత ఆలోచిద్దామనుకుంది.

లోపల గొడవలో ఏమీ వినబడక కిషన్ రావు ఫోను పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. నల్లా గుంతకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"నల్లొచ్చిందట గదా! పడుతాన్నరా?"

"రాలే అనూ, అది మిషిన్ అబద్ధం చెప్తాంది. సమ్మమ్మక్క చెంబుతోని..."

"చెంబేంది? మీరు యాడున్నరు ఇప్పుడు?"

"గేటుకాడ."

"జర సప్పుడు చెయ్యకుండ్రి."

కిషన్ రావు చప్పుడు చెయ్యలేదు. అటు అనసూయ ఫోను చెవికి ఒత్తి పట్టుకుంది. గిర్ని ముందు జనాన్ని కూడా చెయ్యెత్తి ఆపింది.

"ఓ మనిషీ! మీ ఎనుక నల్లా బుస్సుమంటాంది! నాకు ఈడికి వినపడుతాంది! మలగుండ్రి, మలిగి సూడుండ్రి!"

కిషన్ రావు వెనక్కి తిరిగాడు. గుంత సగం నిండింది. డబ్బా తేలుతోంది. గల్లీ పొడుగునా తిప్పి వదిలిన నల్లాల్లోంచి నీళ్లు బిందెలు నింపి పొంగి పారుతున్నాయి. ఇళ్లలో ఒక్క పురుగు లేదు, అందరూ కిషన్ రావు ఇంట్లో తగువాడుతున్నారు. "నల్లొచ్చింది!" అని ఆయన తన గొంతుతో అరిచాడు. కిటికీలోంచి రామలింగం గారు తల పెట్టి, "నువ్వు గూడ మొదలువెట్టినవా?" అని లోపలికి పోయారు.

అప్పుడు ఆయన తన జీవితంలో మొదటిసారి తెలివైన పని చేశాడు. ఉరికి లోపలికి పోయి, బతుకమ్మ మైకు తీసి, ఫోనును దాని ముందు పెట్టాడు. డోర్నకల్ నుంచి అనసూయ స్వయంగా, ఏ రికార్డూ లేకుండా, గల్లీ మీద విరుచుకుపడింది.

"సమ్మమ్మక్కా! ఏం జూస్తాన్నవు, నల్లొచ్చింది! ఉరుకు! ముందు తాగేటియి పట్టు, తర్వాత డ్రమ్ము! సావిత్రీ, పొయ్యి బంద్ జెయ్యి! రామలింగం సార్, మీ డ్రమ్ముకు మూత లేదు, ముచ్చట్లు పెట్టకుండ్రి!"

గది ఒక్క క్షణంలో ఖాళీ అయింది. పాత నీళ్లు కుమ్మరించి డ్రమ్ములు ముందే కడిగి ఉన్నాయి కాబట్టి, ఆ రోజు నల్లా పట్టినంత చకచకా ఆ గల్లీ ఎప్పుడూ పట్టలేదు. ఆఖరి డ్రమ్ము నిండేదాకా అనసూయ ఫోను వదల్లేదు. తలుపుకు వేలాడిన తాళం సంగతీ, డబ్బాలో అరిచిన ఆమె గొంతు సంగతీ బిందెకూ బిందెకూ మధ్య సమ్మమ్మ వచ్చి ఆ ఫోనులో చెప్పేసింది. ఆ తర్వాత ఆమె గొంతు మారి, మెత్తగా, "సుకన్యా, స్విచ్ యాడున్నది?" అనడం సౌండ్ బాక్సులోంచి అందరికీ వినబడింది. టక్కుమన్న చప్పుడు, ఆ వెంటనే గిర్ని గిర్రున తిరిగిన మోత గిర్మాజీపేట గల్లీ అంతా మోగింది. బిందె చంకన పెట్టుకుని సమ్మమ్మ కళ్లొత్తుకుంది. సుకన్య నవ్వుతోందో ఏడుస్తోందో ఆ మోతలో ఎవరికీ తెలియలేదు.

"ఇగ పెట్టేస్త" అన్నాడు కిషన్ రావు తేలికపడి.

"ఆగుండ్రి" అంది అనసూయ. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. "ఇంట్ల ఉండమన్న గదా. మీరు లోపలుంటె తలుపుకు బయట తాళమెట్ల పడ్డది?"

గల్లీ మొత్తం బిందెలు దించి వినడం మొదలుపెట్టింది. రామలింగం గారు నిదానంగా స్కూటరు దగ్గరికి నడిచి, కొక్కేనికి తగిలించిన పొట్లం విప్పి, వాసన చూసి, "మిర్చి బజ్జీలు, వస్తువు దొరికింది" అని మైకు దాకా వినబడేట్టు సాక్ష్యం చెప్పారు. మిగిలిన బజ్జీలు కూడా సాక్ష్యం కిందే ఆయన చేతిలో ఉండిపోయాయి.

అనసూయ తిట్టలేదు. అదే కిషన్ రావును ఎక్కువ భయపెట్టింది. "సరే. నేను లేకున్నా నా గొంతుంటె సాలు మీకు. నాలుగు రోజులు ఈడనే ఉంట, చెల్లెకు గిర్నిల తోడుగ. నా గొంతు మాత్రం గా డబ్బాలకెల్లి తీసెయ్యుండ్రి, నన్ను మళ్ల సంపకుండ్రి" అని పెట్టేసింది.

ఆ సాయంత్రం లావణ్య ఆ రికార్డు చెరిపేసి, దాని చోట మామగారి గొంతు పెట్టింది. మరుసటి నల్లా రోజున వైర్లు తడిసీ తడవగానే సౌండ్ బాక్సు కిషన్ రావు గొంతుతో గల్లీ అదిరేలా నల్లా వచ్చిందని చాటింది. ఒక్కరూ లేవలేదు, కిషన్ రావు కూడా.